కోడి కూసినా

నవంబరు పదమూడున సూర్యుడు
దక్షిణపు కొండ వెనక్కి దిగి
ఫిబ్రవరిదాకా రానన్నాడు.
ఐస్లాండు తూర్పు తీరంలో మా ఊరికి అది మామూలే.
ఆ వారమే మా అక్క హల్బేరా
తుంటి ఎముక మార్పించుకోడానికి
అకురేరి ఆసుపత్రికి వెళ్తూ
తన ఆరు పెట్టల్నీ ఒక పుంజునీ నాకు ఒప్పజెప్పింది.

నలభై ఏళ్ళు చేపల్ని తప్ప
ప్రాణమున్న దేన్నీ పట్టుకోని చేతులు నావి.
పట్టుకున్నవాటినైనా ప్రాణంతో ఉంచిన పాపాన పోలేదు.

పేర్లు చెప్పింది, గుర్తులేవు.
నేను పనిచేసిన పడవల పేర్లే పెట్టుకున్నాను.
ఎర్రమచ్చలది స్కార్ఫుర్,
బూడిదరంగుది హాఫ్‌రూన్,
ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి నడిచేది గుల్‌టోప్పుర్.
ఆ పడవా అంతే.

ఇక్కడ పొద్దున అన్నది మాటవరసకే.
పుంజు ఆరింటికి కూస్తుంది.
ఏడింటికి. ఎనిమిదింటికి. గొంతు బొంగురుపోయేదాకా.
తన కూతతోనే తెల్లారుతుందని నమ్మే జాతి కదా,
పదకొండింటికి కిటికీ కాస్త నీలంగా మారేసరికి
ఛాతీ విరుచుకుని నా వైపు చూస్తుంది,
కూలి అడిగినట్టు.

రోజుకి మూడుసార్లు కెటిల్‌తో వేణ్ణీళ్ళు.
గడ్డకట్టిన గిన్నెని బోర్లించి మడమతో తంతే
గుండ్రటి మంచుబిళ్ళ ఊడిపడుతుంది.
గుడిసె పక్కన ఆ బిళ్ళలు పేర్చుకుంటూ పోయాను,
నా క్యాలెండరు అదే.
డిసెంబరు గాలికి కప్పు లేవబోతే
లంగరు తాడుతో కట్టేశాను. ఒక్క ఆ పని మాత్రం
ఎవరూ చెప్పకుండా వచ్చింది నాకు.
తురాయిలు చలికి నల్లబడకుండా వాజలీను రాయమంది అక్క.
కోడి తలకి వాజలీను రాస్తున్న నన్ను
పాత ఓడ జనం చూడకపోవడం నా అదృష్టం.

గుడ్లు మానేశాయి.
పక్కింటి కేతిల్ బల్బూ టైమరూ తెచ్చి బిగించాడు.
"పద్నాలుగు గంటలు వెలుగు చూపించు,
వసంతం అనుకుని పెడతాయి."
అనుకున్నాయి కూడా, పిచ్చిముండలు.
రెండోరోజు రాత్రి తొమ్మిదికి టైమరు టక్కుమంది.
చూద్దామని టార్చితో వెళ్ళాను.

అన్నీ నేలమీదే నిలబడి ఉన్నాయి,
వెలుగు ఎక్కడ వదిలేసిందో అక్కడే,
ఎత్తిన కాలు ఎత్తినట్టే.
దండెం మూరెడు దూరంలో ఉంది. కనబడదు.

నాకు తెలుసు అది.
ట్రాలరు అడుగున, ట్యూబులైటు కింద
ముప్పై ఆరు గంటలు చేపల పొట్టలు చీల్చి
పైకొచ్చి తలుపు తీస్తే
బయట ఉన్నది రాత్రో పగలో తెలియక
గొలుసు పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి.
ఎవరో పేరు పెట్టి పిలిస్తేగాని అడుగు పడేది కాదు.

పేర్లు పెట్టి పిలిచాను.
ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా ఎత్తి దండెం మీద పెట్టాను.
ఇంత వేడిగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు నాకు.
ఈకల కింద గుండె, చిన్న డీజిలు ఇంజను, ఆగకుండా.
బల్బు ఊడదీసి జేబులో వేసుకున్నాను.

ఫోన్లో అక్క అడిగింది, "గుడ్లు?"
"సెలవులో ఉన్నాయి."
అవతల నవ్విందో, దగ్గిందో.

జనవరిలో హాఫ్‌రూన్ పోయింది.
అది మటుకు చెప్పలేదు.
నేల రాయిలా ఉంది, పార దిగలేదు.
పడవ పేరు పెట్టినవాణ్ణి నేనే కదా,
సముద్రానికే ఇచ్చాను.

ఫిబ్రవరి పద్దెనిమిది.
ఊరంతా సూర్యుడి కాఫీ, పలచటి తీపి అట్లు,
ప్రతి వంటింట్లోంచీ వెన్న వాసన.
గుడిసె నేలమీద అరచేయంత ఎండ పడింది.
గుల్‌టోప్పుర్ వచ్చి అందులో నిలబడింది, ఒరిగి.
స్కార్ఫుర్ దాన్ని పొడిచి తను నిలబడింది.
నాలుగు నిమిషాలు.
పుంజు కూయడం మర్చిపోయింది.

నేనూ అట్లు పోసుకోవాలి కదా.
దుకాణంలో డజను గుడ్లు కొని
కోటు లోపల దాచుకుని
వాటి ముందునుంచే, పెద్దమనిషిలా,
కొండకేసి చూస్తూ నడిచొచ్చాను.